నదికి ఇవతలి ఎన్నిక

అమెరికా అధ్యక్షులు ఎన్నికల్లో ఎలా గెలుస్తారో ఏలూరులో ముప్పై ఏళ్ళ పాటు పాఠం చెప్పాను. అమెరికా చూసే యోగం మాత్రం నాకు లేదు. హైదరాబాదులో వీసా కిటికీ అవతల కూర్చున్న కుర్రవాడు నా కాగితాలు ముట్టుకోకుండానే సారీ అనేశాడు. మీ అధ్యక్షుల పేర్లు మొదటి నుంచి వరసగా అప్పజెప్పగలను నాయనా అందామనుకున్నాను. ఈలోగా నా వెనకావిడను పిలిచేశాడు.

కెనడావాళ్ళు ఇచ్చారు. హాలిఫాక్స్‌లో ఒక చిన్న సదస్సుకు పిలుపు వస్తే అది చూపించి వీసా తెచ్చుకున్నాను. విండ్సర్‌లో మా పిన్ని కొడుకు సుధాకర్ ఉన్నాడు, కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. "అక్కా, మా ఊరొచ్చెయ్. నదికి అవతలి ఒడ్డే అమెరికా. వీసా లేకుండా కళ్ళారా చూసుకోవచ్చు" అన్నాడు.

వెళ్ళాను, చూశాను, వచ్చాను. వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. రంగులు మారిన ఆకుల గురించి ఇదివరకే చాలామంది రాశారు, అవి కావలసినవాళ్ళు అక్కడ చదువుకోండి. నాకు ఇంకా కడుపు మండుతూనే ఉంది.

హాలిఫాక్స్: పాలలో చేప

ఓడరేవు కదా, బయటికొచ్చి ఒక్కసారి గాలి పీల్చగానే కాకినాడ గుర్తొచ్చింది. రెండోసారి పీల్చేసరికి ముక్కు ఉందో లేదో తెలియలేదు. సదస్సులో నా ప్రసంగం విన్నవాళ్ళకంటే అక్కడ వేసిన కుర్చీలే ఎక్కువ. దాని సంగతి అంతటితో వదిలేద్దాం.

మధ్యాహ్నం రేవు దగ్గర హోటల్లో చౌడర్ అని ఒక గిన్నె తెచ్చి పెట్టారు. చేప, బంగాళాదుంప, పాలు. చేప తిని పాలు తాగితే ఒంటి మీద బొల్లి మచ్చలొస్తాయని మా అమ్మమ్మ మమ్మల్ని ఎంత భయపెట్టేదో! వీళ్ళు రెండింటినీ కలిపి ఒకే గిన్నెలో ఉడకబెట్టి, దానికి ఇరవై డాలర్లు తీసుకుంటున్నారు. అంత పోశాక వదలబుద్ధి కాలేదు. తిన్నాను. చెప్పకేం, బాగుంది. తర్వాత వారం రోజులు చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాను.

రేవు దాటే పడవలో ఒక రిటైర్డ్ నర్సు నా పక్కన కూర్చుంది. ఆమె సంచీ నిండా కరపత్రాలు. వాళ్ళ వార్డు ఎన్నిక కోసం ఇంటింటికీ తిరుగుతోందట. నా సబ్జెక్టు దొరికింది కదా అని, గుమ్మం దగ్గర ఏం మాట్లాడతారని అడిగాను.

"ఏమీ మాట్లాడను. మీ వీధికి ఏం కావాలని అడిగి నోరు మూసుకుంటాను" అంది.

"మా ఊళ్ళో అలా అడిగితే, ముందు నువ్వేమిస్తావో చెప్పమంటారు" అన్నాను.

ఆమె పెద్దగా నవ్వింది. అవతలివాళ్ళ గురించి చెడ్డగా ఏమీ చెప్పరా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. "ఎన్నిక అయిపోయిన మర్నాడు కూడా నేను ఆ వీధిలోనే నడవాలి కదా" అంది. ఆమెతో మాటల్లో పడి నేను దిగాల్సిన ఒడ్డున దిగడం మరిచిపోయాను. పడవ నన్ను మళ్ళీ ఎక్కినచోటికే తెచ్చి దింపింది.

విండ్సర్: ఎదురుగా అమెరికా

విండ్సర్‌లో నది ఒడ్డున బెంచీ మీద కూర్చుంటే డెట్రాయిట్ మేడలు ఎదురుగా నిలబడి ఉంటాయి. గట్టిగా కేకేస్తే అవతల ఎవరైనా పలుకుతారేమో అన్నంత దూరం. సుధాకర్ నన్ను నిలబెట్టి, వెనకాల అమెరికా పడేట్టు ఫొటో తీశాడు. "ఇంక వీసా వాళ్ళకి పంపించు అక్కా" అని నవ్వాడు. మంచివాడే. విమానాశ్రయానికి ఫ్లాస్కులో ఫిల్టర్ కాఫీ పోసుకుని వచ్చినవాడు. పద్దెనిమిది డాలర్ల మసాలా దోసె తినిపించి, చట్నీ బాగాలేదని నా తరఫున తనే పోట్లాడినవాడు. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత చెప్పడానికి మనసొప్పదు.

అప్పుడు అవతలి ఒడ్డున అధ్యక్ష ఎన్నికల రోజులు. విండ్సర్ ఇళ్ళలో టీవీ పెడితే డెట్రాయిట్ చానెళ్ళు వస్తాయి. ఒక ప్రకటనలో ఈయన దొంగ, దాని వెనక వచ్చేదాంట్లో ఆయన దొంగ. ఇవతల ఒడ్డున చూస్తున్న వాళ్ళలో ఆ ఎన్నికలో ఓటున్నవాడు కనబడడు. అయినా సుధాకర్ భార్య లలిత వంట చేస్తూ ఆ ప్రకటనల సంగీతం కూనిరాగం తీస్తుంది. వాళ్ళమ్మాయి అన్య ఫోన్లోంచి తలెత్తకుండానే, "దే ఆర్ ఆల్ లైయర్స్, అత్తా" అంది. ఆ పిల్ల నాతో ఉన్నన్ని రోజుల్లో అన్న మాటల్లో తెలుగు మాట 'అత్తా' ఒకటే.

రాత్రి భోజనాల దగ్గర సుధాకర్ తన ఎన్నిక సంగతి తీశాడు. అక్కడి తెలుగు సంఘానికి అతను ప్రెసిడెంటుగా పోటీ చేస్తున్నాడు. సంఘంవాళ్ళు ఒక పాత ఫర్నిచర్ దుకాణాన్ని కొని హాలుగా మార్చుకున్నారు. వంటగది, హీటరు, మంచి తివాచీ. పండగలకు తెరుస్తారు, మిగతా రోజుల్లో తాళం.

"పదేళ్ళ నుంచి కుర్చీలు మోసింది నేను అక్కా. ఇప్పుడొక అమ్మాయి వచ్చి, కొత్తగా లాండయ్యే స్టూడెంట్స్‌కి రూమ్ దొరికేదాకా హాల్లో ఉండనిద్దాం అంటోంది. ఇన్సూరెన్స్ వాడు ఊరుకుంటాడా? తివాచీ మీద ఆవకాయ వొలికితే ఎవడు కడుగుతాడు?"

"ఎవరా అమ్మాయి?"

"మెర్సీ అని. కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. మీ ఏలూరులోనే చదివిందట."

చదివింది నా దగ్గరే. భీమవరం పక్క నుంచి వచ్చిన పిల్ల. మొదటి బెంచీలో కూర్చుని, అర్థం కాకపోతే అర్థం కాలేదని లేచి చెప్పేది. అలా చెప్పేవాళ్ళు తరగతికి ఒక్కరుంటే గొప్ప. ఆ మాటే అన్నాను. సుధాకర్ ముఖం కాస్త చిన్నబోయింది. అంతలోనే తేరుకుని, "అయితే నువ్వు న్యూట్రల్. పాఠం మాత్రం చెప్పు. అమెరికావాళ్ళు ఎలా గెలుస్తారు?" అన్నాడు.

నన్ను పాఠం చెప్పమంటే కుడిచేయి ఎండిపోతున్నా లేవను. వెనకటికి ఒకాయన ఊరూరా తిరగకుండా తన ఇంటి వరండాలోనే కూర్చుని, జనాన్నే రైళ్ళెక్కించి రప్పించుకుని గెలిచాడని చెప్పాను. మరొకాయన రైలు వెనక పెట్టె మీద నిలబడి స్టేషను స్టేషనుకూ ప్రసంగం చేసి, ఓడిపోతాడన్నవాళ్ళ నోళ్ళు మూయించాడు. టీవీలో మొదటిసారి ఇద్దరు అభ్యర్థులు ఎదురెదురుగా వాదించుకుంటే, చెమట పట్టి నీరసంగా కనబడినాయన ఓడిపోయాడు. సుధాకర్ కళ్ళు మెరుస్తున్నాయి. వరండా కథ బాగుంది, మన ఇంటి వెనక డెక్ మీద మిరపకాయ బజ్జీలు వేసి జనాన్ని పిలుద్దామని లలితతో అన్నాడు. వాళ్ళు నవ్వుతుంటే నాకు ఇంకా ఊపొచ్చింది. తరగతిలో ఏటేటా చెప్పే పాలవాడి ఉదాహరణ కూడా చెప్పాను.

సర్వే అని ఫోన్ చేస్తారు. "మీ పాలవాడు పాలలో నీళ్ళు కలుపుతున్నాడని తెలిస్తే, రేపు అతని దగ్గర పాలు పోయించుకుంటారా?" అని అడుగుతారు. కలుపుతున్నాడని ఎవరూ అనలేదు. అడిగారంతే. ప్రశ్న మీద కేసు పెట్టలేరు. మర్నాడు వీధి వీధంతా చెంబులోకి తొంగి చూస్తుంది. ఇలాంటి సర్వేలతో అమెరికాలో కొంపలు కూలాయి, ఎన్నికల్లో ఇంతకంటే నీచమైన పని లేదు అని కూడా చెప్పాను. ఆ చివరి మాట చెప్పేసరికి సుధాకర్ పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

స్వప్న గది: సర్వపిండి

మర్నాడు నేను ఫోన్ చేస్తే మెర్సీ వచ్చి తన కారులో తీసుకెళ్ళింది. నన్ను చూడగానే రోడ్డు మీదే వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే పట్టుకుని ఆపాను. కేర్ హోమ్‌లో ముసలివాళ్ళను ఎత్తి ఎత్తి ఆమె భుజాలు గట్టిపడ్డాయి. సెలవు రోజు కాబట్టి ఓట్లడగడానికి బయల్దేరిందట.

"ఏం చెబుతావు?" అన్నాను.

"ఏం చెబుతాను మేడం, ఎలా ఉన్నారో అడుగుతాను. వాళ్ళే చెబుతారు."

హాలిఫాక్స్ పడవలో నర్సు గుర్తొచ్చింది. ఒక బేస్‌మెంట్‌లో స్వప్న అనే నిజామాబాద్ అమ్మాయి మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, నాన్‌స్టిక్ పెనం మీద సర్వపిండి చేసి పెట్టింది. మధ్యలో చిల్లులు పెట్టి నూనె వేసే పద్ధతి తప్పలేదు. పల్లీలు కాస్త మాడాయి. వేడి వేడిగా రెండు తిన్నాను.

"నేను వచ్చినప్పుడు ఫస్ట్ వీక్ ఒకళ్ళ గ్యారేజ్‌ల పండుకున్న ఆంటీ. జనవరి. జాకెట్, బూట్లు ఏస్కొనే పండుకున్న. మా అమ్మకు వీడియో కాల్ చేస్తే వెనక గోడ కనవడకుండ దుప్పటి కట్టిన" అంది స్వప్న. మెర్సీ వైపు చూసి, "అక్క గెలిస్తే మా తమ్మునికి ఆ బాధ ఉండదు. వాడు వచ్చే జనవరిల వస్తుండు. నా ఓటు అక్కకే" అంది.

గోడ మీద బతుకమ్మ ఫొటో ఉంది. ఇక్కడ తంగేడు దొరకదు కదా, పూలెక్కడివని అడిగాను. ఊరి బయట తోటకు పోయి మెర్సీ అక్కే బంతిపూలు తెచ్చిందని స్వప్న చెప్పింది. ఏటా ఆమే తెస్తుందట. వినాయక చవితికి ఉండ్రాళ్ళు ఆవిరి పట్టేది కూడా ఆమేనట. "నేను ప్రసాదం చెయ్యొచ్చా అని అడిగితే, చేతులు కడుక్కుంటే చాలన్నారు మేడం" అని మెర్సీ నవ్వింది. ఆమె ఆదివారం చర్చిలో పాడుతుంది, సోమవారం హాల్లో కుర్చీలు సర్దుతుంది. నాకు ఆ రోజు చాలా సంతోషంగా అనిపించింది. గెలుస్తుందనే అనుకున్నాను.

లలిత ఫోన్

రెండు రోజుల తర్వాత లలిత స్నానానికి వెళుతూ, తన ఫోన్ మోగితే తీయమని నాకిచ్చింది. మోగింది. అవతల మర్యాదగా ఉన్న కుర్ర గొంతు.

"నమస్తే ఆంటీ, సంఘం ఎలక్షన్ గురించి చిన్న సర్వే. మెర్సీ గారు ప్రెసిడెంట్ అయితే వినాయక చవితి ఆపేస్తారని, హాల్లో బతుకమ్మ ఆడనివ్వరని తెలిస్తే, మీరు ఆమెకు ఓటు వేస్తారా?"

పాలవాడి చెంబు నా చేతిలోనే ఉంది.

"అలా ఆపేస్తుందని ఎవరు చెప్పారు బాబూ?"

"ఎవరూ చెప్పలేదు ఆంటీ. తెలిస్తే వేస్తారా అని అడుగుతున్నాం అంతే."

సాయంత్రం సుధాకర్ రాగానే నిలదీశాను. అతను షూ విప్పుకుంటూ తాపీగా జవాబు చెప్పాడు. "నేనెక్కడ అబద్ధమాడాను అక్కా? క్వశ్చన్ అడిగాం. ప్రశ్న మీద కేసుండదని నువ్వే అన్నావుగా."

"నీచమైన పని అని కూడా అన్నాను."

"అన్నావనుకో. అలా చేసి ఆ అమెరికావాళ్ళు గెలిచారా లేదా?"

లలిత గిన్నెలు చప్పుడు చేస్తూ కడుగుతోంది. ఇంట్లో అతిథిని, తినేది వాళ్ళ తిండి. అయినా ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివించి మరీ పోగొట్టాను. ఆ అర్ధరాత్రే మెర్సీకి ఫోన్ చేశాను. ఆమె డ్యూటీలో ఉంది. "తెలుసు మేడం. రేపు చివరి రౌండ్ వేద్దాం, రండి" అని పెట్టేసింది.

మళ్ళీ స్వప్న గది

ఈసారి స్వప్న మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టింది. లోపలికి రమ్మనలేదు.

"నువ్వు మంచిదానివే అక్కా. కానీ మస్తు మందికి ఆ ఫోన్ వచ్చిందంట. నిప్పు లేనిదే పొగ రాదంటరు కదా."

నేను ఆగలేకపోయాను. "మొన్న మీ బతుకమ్మకు బంతిపూలు ఎవరు తెచ్చారమ్మా?"

"అక్కనే తెచ్చింది."

"మరి?"

స్వప్న తలుపు అంచు గోకుతూ నిలబడింది. "అదే అర్థమైతలేదు ఆంటీ. అప్పుడు ఎందుకు తెచ్చిందో."

మెర్సీ మాత్రం, "చలిగా ఉంది, తలుపేసుకోమ్మా" అంది. మెట్లెక్కి రోడ్డు మీదికి వచ్చాక, అందరికీ ఒక వివరణ పంపించు, నేను పండగలు ఆపనని రాయి అన్నాను. వద్దని తల ఊపింది. "ఆపను అని రాస్తే, వినని వాళ్ళు కూడా వింటారు మేడం. జవాబు చెప్పుకునేవాడు సగం ఓడిపోయినట్టేనని మీరే చెప్పేవారు." ఆ మాట నేను చెప్పిందే. నా పాఠాలు నాకంటే ఆమెకే బాగా గుర్తున్నాయి.

హాల్లో దీపావళి

శనివారం మధ్యాహ్నం దీపావళి భోజనాలూ ఓటింగూ ఒకేసారి పెట్టారు. అట్టపెట్టెకు బంగారు కాగితం అంటించి ఓట్ల పెట్టె చేశారు. పులిహోర, గుత్తి వంకాయ, బొబ్బట్లు. గుత్తి వంకాయ మెర్సీ చేసింది. ఆమెకు ఓటు వేయని వాళ్ళు కూడా రెండోసారి వడ్డించుకున్నారు. ఒకావిడ నా పక్కన కూర్చుని, మీ ఇంటిపేరేమిటండీ అని మొదలుపెట్టి, మా పుట్టింటివాళ్ళ ఊరు దాకా లాగింది. ఏలూరులోనూ ఇదే అడుగుతారు. ఇంత దూరం విమానమెక్కి వచ్చి అదే గడప తొక్కినట్టయింది.

సుధాకర్ గెలిచాడు. తేడా చిన్నదేమీ కాదు. చప్పట్లు సద్దుమణగకముందే, మైకు పట్టుకున్న అమ్మాయి నా పేరు పిలిచింది. "మన ప్రెసిడెంట్ గారి అక్కయ్య, అమెరికన్ పాలిటిక్స్ ఎక్స్‌పర్ట్, మన విక్టరీ వెనక ఉన్న మేధావి!" నన్ను వేదిక మీదికి లాక్కెళ్ళి శాలువా కప్పారు. జరీ అంచు, ముదురు ఎరుపు. సుధాకర్ కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నిజమైన ప్రేమే. దానికే నాకు ఒళ్ళు మండింది.

మైకు అందుకున్నాను.

"ఈ ఎన్నికలో మా తమ్ముడు గెలవలేదు. ఒక ఫోన్ ప్రశ్న గెలిచింది. పండగలు ఆపేస్తానని మెర్సీ ఎన్నడూ అనలేదు. ఆ మాట మా తమ్ముడి భోజనాల బల్ల దగ్గర పుట్టింది. పుట్టించే పద్ధతి చెప్పింది నేను. మీ ఇళ్ళకు వచ్చిన ఆ ఫోన్లు సర్వే కాదు, మోసం. సిగ్గుపడదాం."

ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు వెనక్కి పాకి అందరూ చప్పట్లు కొట్టారు. మైకు అమ్మాయి పరుగున వచ్చి, "మేడం గారి సెన్స్ ఆఫ్ హ్యూమర్‌కి ఒక బిగ్ హ్యాండ్!" అంది. తర్వాత లక్కీ డ్రా తీశారు. నేను దిగి వస్తుంటే ఒక పెద్దాయన, "భలే చమత్కారంగా మాట్లాడారండీ" అని చేతులు జోడించాడు. నాకు ఏడుపొచ్చింది. వంటగది వైపు చూస్తే మెర్సీ ఖాళీ గిన్నెలు తోముతోంది.

విమానాశ్రయం దారి

మర్నాడు సుధాకర్ తీసుకెళతానంటే వద్దన్నాను. మెర్సీ వచ్చింది. కారు వెనక సీటు నిండా కంఫర్టర్లనే మందపాటి దుప్పట్లు, ప్లాస్టిక్ సంచులు కూడా విప్పలేదు. జనవరిలో వచ్చే పిల్లల కోసం, తక్కువ ధరకు దొరికాయని ముందే కొనేసిందట. ఇప్పుడు దుకాణంలో వెనక్కి ఇచ్చేయాలి. స్వప్న తమ్ముడు ఎక్కడుంటాడని అడిగాను. "గ్యారేజ్ చూస్తున్నారట మేడం" అంది.

నది పక్క రోడ్డు మీద వెళుతున్నాం. అవతల అమెరికా అలాగే ఉంది. ఈసారి నేను అటు చూడలేదు.

"ఆ ఫోన్ పద్ధతి సుధాకర్‌కి నేనే చెప్పాను మెర్సీ."

"తెలుసు మేడం. మెంబర్లందరి నంబర్లకీ వరసగా చేశారు కదా, నాది తీసేయడం మరిచిపోయారు. మొదట్లోనే నాకు వచ్చింది. వినగానే తెలిసిపోయింది, మన పాలవాడి పాఠం అని."

అంటే రెండోసారి స్వప్న గుమ్మంలో నా పక్కన నిలబడ్డప్పుడే ఆమెకు తెలుసు. గుత్తి వంకాయ నాకు వడ్డించినప్పుడు కూడా.

"ఒక్క మాట కూడా అనలేదేం?"

"ఏమనను? మీరు పాఠం చెప్పారు."

"ఆ ఫోన్ చేసిన వాడికి ఏం చెప్పావు?"

మెర్సీ నవ్వింది. "వేయను అన్నాను మేడం. అలాంటామెకి ఎవరు వేస్తారండీ, నేనూ వేయను అన్నాను."

నేను నవ్వలేకపోయాను. దిగేముందు చేతిసంచీలోంచి శాలువా తీసి, వెనక్కి తిరిగి, ఆ కంఫర్టర్ల మీద పెట్టాను. ఎవరికైనా ఇవ్వు, కప్పుకుంటారు అన్నాను.

మెర్సీ దాన్ని తీసి, బట్ట వేళ్ళతో నలిపి చూసి, నాలుగు మడతలు వేసి మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది.

"ఇది ఇక్కడి చలికి ఆగదు మేడం. మీరే తీసుకెళ్ళండి."

తెచ్చుకున్నాను.